పైపు మీద రెండు దెబ్బలు

భికాజీ తిర్లోట్కర్ పంపు స్విచ్చి వేసి, చావీ కొసను పైపుకి ఆనించి, రెండో కొస కుడి చెవికి పెట్టుకున్నాడు. చావీ అంటే పెట్టె తాళం తీసేది కాదు. వీధి గుంటలో నీళ్ల వాల్వు తిప్పే మూడడుగుల ఇనుప కడ్డీ. దాని పిడి నలభై రెండేళ్లుగా అతని అరచేతుల కింద అరిగి అరిగి సన్నబడింది. ఎడమ చెవిని పంపు రొద ఎప్పుడో మింగేసింది. కుడి చెవి కూడా పక్కన నిలబడి పిలిస్తేనే పలుకుతుంది. కానీ ఇనుములోంచి వచ్చే చప్పుడుకి మాత్రం ఢోకా లేదు.

ఉదయం ఐదుంపావు. గిర్గావ్‌లోని మోరేశ్వర్ నివాస్ బిల్డింగులో ఇరవై ఎనిమిది ఇళ్లవాళ్లూ ఇంకా ముసుగు తీయలేదు. నేల కింది తొట్టిలోంచి నీళ్లు నాలుగు అంతస్తులు ఎగబాకి మేడ మీది ట్యాంకులో పడటం మొదలైంది. పైపు మీద ఒక దెబ్బ వినిపించింది. పైన నీళ్లు పడుతున్నాయని దాని అర్థం. భికాజీ స్టవ్ వెలిగించి టీ పెట్టుకున్నాడు. పంపు గదిలోనే ఒక మూల అతని సంసారమంతా ఉంది. చాప, ట్రంకు పెట్టె, రెండు గిన్నెలు, గోడకి మేకు, మేకుకి చొక్కా.

ఆరున్నరకి మళ్లీ చావీ చెవికి పెట్టుకున్నాడు. ఈసారి రెండు దెబ్బలు. ట్యాంకు నిండింది, ఆపు అని. భికాజీ పంపు ఆపి, గోడ మీది వినాయకుడి క్యాలెండరుకి దండం పెట్టుకున్నాడు. ఆ రెండు దెబ్బలూ వినపడితే గానీ అతనికి తెల్లారినట్టు ఉండదు.

కొట్టేది చంద్రభాగాబాయి. మేడ మీద ట్యాంకు పక్కన రేకుల గది ఆమెది. గది గోడని ఆనుకునే పెద్ద పైపు పైకి పోతుంది. ట్యాంకు పక్క గట్టెక్కి లోపలికి తొంగిచూసి, చేతిలో ఉన్న ఇత్తడి చెంబుతో పైపు మీద కొడుతుంది. పరబ్ విఠూ దాదాని చేసుకుని కాపురానికొచ్చిన వారంలోనే మొదలుపెట్టింది ఈ పని. అప్పట్లో విఠూ దాదా ఇక్కడ పంపు మనిషి, భికాజీ అతని కింద పని నేర్చుకోవడానికి దేవ్‌గడ్ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. దాదా కామెర్లతో పోయి ఇరవై రెండేళ్లయింది. పదమూడో రోజు కర్మ అయ్యేదాకా ఆమె గదిలో ఉండొచ్చని అప్పటి సెక్రటరీ అన్నాడు. పదమూడో రోజు అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఉండిపోయింది. జీతం లేదు, రసీదు లేదు, ఏ కాగితంలోనూ ఆమె పేరు లేదు. రోజుకి రెండుసార్లు ట్యాంకు చూసి చెంబుతో కొడుతుంది, అంతే.

ఎవరినీ అడక్కూడదని భికాజీకి బాగా తెలుసు. వెనకటికి మెట్ల కింద, బిల్డింగు ఊడ్చే ముసలాయన ఒకడుండేవాడు. వానకి తడుస్తున్నా, ఒక రేకు ముక్క వేయించండి బాబూ అని పాపం మీటింగులో అడిగాడు. అడిగేసరికి, అసలు నిన్ను ఇక్కడ ఉండమన్నదెవరు అనే మాట వచ్చింది. నెల తిరక్కుండా మెట్ల కింద ఖాళీ. ఆ రోజు మీటింగులో టీ గ్లాసులు అందించింది భికాజీయే. అడిగిన నోరు ఎలా మూతపడిందో కళ్లారా చూశాడు. అప్పట్నుంచీ చంద్రభాగా వదిన సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఎవరన్నా ఎత్తితే వినపడనట్టు చావీ భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. బిల్డింగుకి డెబ్బై ఏళ్లు దాటాయి. బాల్కనీలు పెచ్చులూడుతున్నాయి, దూలాల్లో ఇనుము బయటపడి తుప్పు కారుతోంది. బిల్డరుకిచ్చి పడగొట్టించడమా, మరమ్మతు చేయించుకోవడమా అని మూడేళ్లు కొట్టుకుని, చివరికి మరమ్మతే అనుకున్నారు. వాన నీళ్లు దిగకుండా మేడంతా శుభ్రం చేసి కొత్త పూత వేస్తారట. పైపులన్నీ మారుస్తారట. ట్యాంకు నిండితే పంపు దానంతటదే ఆగిపోయే మీట పెడతారట. దీనికంతటికీ ప్లాన్ గీయడానికి ఒక ఇంజనీరమ్మ వస్తోంది. కాగితాల్లో ఉన్నది ఉంటుంది, లేనిది కనబడితే తీసేస్తారు అని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. భికాజీ ఆ కాగితం ముందు నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాడు. ప్రతిసారీ గుండెల్లో రాయి పడ్డట్టే అయింది.

తన సంగతి కాదు. మీట వస్తే తనని పొమ్మంటారు, దేవ్‌గడ్‌లో తమ్ముడి ఇల్లుంది. వదినకి ఎక్కడుంది? పుట్టింటివాళ్లు ఎప్పుడో పోయారు. ఈ గది పోతే ఆమె ఆకాశం కింద నిలబడాలి.

అందుకే నిన్న సాయంత్రం పైకి వెళ్లి చెప్పాడు.

"రేపు ఇంజనీరమ్మ వస్తుంది వదినా. పొద్దున పంపు ఆగాక తలుపేసుకుని లోపలే కూర్చో. బట్టలు ఆరెయ్యకు. మెట్ల తలుపుకి నేను బయట తాళం వేస్తా. తాళం తుప్పు పట్టింది, రాదు అని చెప్తా. మధ్యాహ్నం నేను భోజనానికి రాను, నువ్వు తినెయ్."

చంద్రభాగాబాయి చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "అంటే నన్ను దొంగసొత్తులా దాచేస్తావన్న మాట."

"దాచకపోతే ప్లానులో గీత పడుతుంది. గీత పడిందంటే ఇదేంటని అడుగుతారు."

"అడగనీ. నలభై ఏళ్లుగా వీళ్ల ట్యాంకు కాస్తున్నా. ఒక్కరోజు పొర్లిందా? నువ్వు మగాడివై ఉండి ఒక్క ముక్క చెప్పలేవు గానీ, నన్ను నోర్మూసుకోమంటావు."

"వదినా..."

"చూస్తూ ఉండు భికూ. ఆవిడగారు వచ్చినప్పుడు ఈ చెంబుతో పైపు అదిరేలా వాయిస్తా. నేనిక్కడున్నానర్రా అని బిల్డింగంతా వినేలా వాయిస్తా."

భికాజీ బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి ఆమె విసుగ్గా సరేలే పో అంది. కిందికి దిగుతుంటే వెనక నుంచి, "పోయేటప్పుడు పచ్చడి సీసా పట్టుకుపో, రేపు ఎండు రొట్టె తింటావుగా" అని కేకేసింది. కోపమొచ్చినా అతని తిండి సంగతి మాత్రం ఆమె మరిచిపోదు.

పది గంటలకి ఇంజనీరమ్మ వచ్చింది. పేరు మృణాల్ ఖలద్కర్. ముప్పై ఏళ్లుంటాయేమో, కాళ్లకి కేన్వాసు బూట్లు, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు. సెక్రటరీ అచ్యుత్ బివల్కర్ ఆమెని భికాజీకి అప్పగించి తన పని మీద వెళ్తూ, "పాత ప్లాన్లు చెదలు తినేశాయి మేడం. మా ప్లాన్ ఇదిగో, ఈ మనిషే. ఏ గోడలో ఏముందో ఇతని బుర్రలో ఉంది" అన్నాడు. భికాజీ సిగ్గుపడి చావీని చేతులు మార్చుకున్నాడు.

మృణాల్ అతని చేతికి ఎర్ర సుద్దముక్క ఇచ్చింది. అతను ముందు, ఆమె వెనక. గోడ మీద చేత్తో తడుముతూ, ఇక్కడ నీళ్ల పైపు, ఇక్కడ మురుగు పైపు, ఇక్కడ తొంభై ఏడులో మార్చిన ముక్క అంటూ గీతలు గీసుకుంటూ పోయాడు. గీసిన చోటల్లా ఆమె కాగితం మీద గీసుకుంది. వెనక ఇంత చదువుకున్న పిల్ల తన మాట విని రాసుకుంటుంటే అతనికి ఏదోలా ఉంది. నలభై రెండేళ్లలో అతను చెప్పింది ఎవరూ రాసుకోలేదు.

రెండో అంతస్తులో డాక్టర్ కాన్హేరే తలుపు తీసి, ఎర్ర గీతలు చూసి నవ్వింది. "ఏం మామా, ఈ వయసులో గోడల మీద బొమ్మలేస్తున్నావా?"

"బడిలో సరిగ్గా దిద్దలేదుగా బాయీ, ఇప్పుడు దిద్దుతున్నా" అన్నాడు భికాజీ. మృణాల్ కూడా నవ్వింది. అతని మనసు కాస్త తేలికపడింది.

మూడో అంతస్తు మెట్ల మలుపులో పెద్ద పైపు గోడ బయటికి వచ్చి పైకి పోతుంది. అక్కడ మృణాల్ ఆగింది.

"చావీతో వింటారట కదా మామా. ఎలాగో నాకూ చూపించండి."

భికాజీ చావీ కొస పైపుకి ఆనించి చెవి పెట్టాడు. పంపు ఆగి ఉంది, పైపు నిశ్శబ్దంగా ఉండాలి. లేదు. టక్ మని చిన్న దెబ్బ. కాసేపటికి ఇంకొకటి. ఆ తరవాత మూడు వరసగా, గబగబా. మళ్లీ ఆగిపోయింది.

అతనికి ఒళ్లు మండిపోయింది. అనుకున్నంతా చేస్తోంది. వాయిస్తానంది, వాయిస్తోంది. బుద్ధి లేదా ఈ మనిషికి, ఎవరి కోసం పడుతున్నాననుకుంటోంది ఈ తిప్పలన్నీ అని పళ్లు నూరుకున్నాడు.

మృణాల్ చావీ అందుకుని తనూ చెవి పెట్టింది. కళ్లు మూసుకుని వింది.

"ఎవరో కొడుతున్నట్టుంది మామా."

"గాలి మేడం."

"గాలా?"

"పాత పైపు కదా. పంపు ఆగాక లోపల గాలి చిక్కుకుంటుంది. అదే తట్టుతూ ఉంటుంది. కాసేపటికి అదే పోతుంది."

ఆమె ఇంకో క్షణం విని, చావీ తిరిగిచ్చి, కాగితం మీద ఏదో రాసుకుంది. నాలుగో అంతస్తు అయింది. మేడ మెట్ల ముందు నిలబడి భికాజీ అనుకున్నట్టే చెప్పాడు. తాళం తుప్పు పట్టింది, నూనె పోసి ఉంచుతా, రేపు తెరుద్దాం. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి, చెప్తుంటే మెడ మీద చెమట పట్టింది. మృణాల్ అతని మోకాళ్ల వంక చూసి, ముసలాయన మెట్లెక్కి అలిసిపోయాడనుకుంది కాబోలు, "రేపే చూద్దాం లెండి" అంది.

మధ్యాహ్నం అతను పంపు గదిలో ఎండు రొట్టె, ఎండురొయ్యల పచ్చడి తిన్నాడు. పచ్చడిలో కొబ్బరి కాస్త ఎక్కువ పడింది, అతనికి అలాగే ఇష్టం. తింటుంటే పొద్దుటి కోపం దిగిపోయింది. సాయంత్రం పైకెళ్లి ముందు తిట్టాలి, తరవాత పచ్చడి బాగుందని చెప్పాలి అనుకున్నాడు. మళ్లీ ఒకసారి చావీ పెట్టి విందామా అనిపించింది. విని, ఆమె ఇంకా వాయిస్తూ ఉంటే తనకి మళ్లీ కోపం వస్తుంది. ఎందుకులే అని చావీని మూలకి ఆనించి కాసేపు నడుం వాల్చాడు.

నాలుగు గంటలకి లేచి వచ్చేసరికి మృణాల్ వాకిట్లో బల్ల వేసుకుని కూర్చుని ఉంది. బల్ల నిండా పెద్ద కాగితం. బివల్కర్ కూడా వచ్చేశాడు, టీ తాగుతున్నాడు. కాగితం మీద మోరేశ్వర్ నివాస్ పొద్దుటికన్నా చిన్నదై, శుభ్రంగా ఉంది. భికాజీ గీసిన ఎర్ర గీతలన్నీ అందులో నల్ల గీతలై కూర్చున్నాయి.

"రండి మామా. ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు" అంది మృణాల్. "కొత్త మీట ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, ఇప్పుడు ఎలా జరుగుతోందో తెలియాలి. ట్యాంకు నాలుగు అంతస్తుల పైన ఉంది. మీరు కింద ఉంటారు. నిండిందని మీకెలా తెలుస్తుంది?"

టైము చూసి ఆపుతానని చెప్పొచ్చు. అంచనా అని చెప్పొచ్చు. కానీ పొద్దున్నుంచీ తను చెప్పిందల్లా నిజమని నమ్మి రాసుకున్న పిల్ల, పెన్సిలు పట్టుకుని ఎదురు చూస్తోంది. నలభై ఏళ్లు ఒక్కరోజు ట్యాంకు పొర్లలేదు. అది తన అంచనా కాదు. ఆ గొప్ప తను తీసుకుంటే ఆమెని నిజంగానే దొంగసొత్తు చేసినట్టు. ఏమైతే అదవుతుందని అతను చావీని గట్టిగా పట్టుకున్నాడు.

"పైన ఒకావిడ ఉంది మేడం. మా విఠూ దాదా భార్య. ఆవిడే చూసి చెంబుతో పైపు మీద కొడుతుంది. నీళ్లు పడితే ఒకటి, నిండితే రెండు. ఆవిడ గది మీ ప్లానులో లేదు. తాళం తుప్పు పట్టలేదు, నేనే వేశాను. నన్ను తీసెయ్యండి సెక్రటరీ సాబ్, అభ్యంతరం లేదు. ఆవిడని మాత్రం కదపొద్దు. ఇంకెన్నేళ్లుంటుంది? అరవై ఎనిమిది దాటాయి."

అంత పెద్ద మాట అతను ఒక్క గుక్కలో ఎప్పుడూ మాట్లాడలేదు. బివల్కర్ టీ కప్పు కింద పెట్టాడు.

"ఓరి పిచ్చి మామా" అన్నాడు మెల్లగా. "ఆవిడ చేతి కొబ్బరిపాల సోల్‌కడీ తాగని మొహం ఈ బిల్డింగులో ఉందా? నా చిన్నప్పుడు గాలిపటం తెగితే ఆ మేడ మీదకే పరిగెత్తేవాణ్ణి, వేడన్నం పెట్టేది. ఎవరైనా ఆరా తీస్తారేమోనని మేమే ఇన్నాళ్లూ నోరెత్తలేదు."

మృణాల్ కాగితం అతని వైపు తిప్పి పెన్సిలు కొసతో చూపించింది. ట్యాంకు పక్కన నలుచదరంగా ఒక చిన్న గది. లోపల దేవనాగరిలో పొందికగా రాసి ఉంది. చంద్రభాగాబాయి పరబ్.

"ఇందాకే సెక్రటరీగారు కొలతలిచ్చారు మామా. రేకులు తీసేసి పక్కా కప్పు వేయమన్నారు. మీకు తెలుసనుకున్నాను."

"నీకు చెప్పాలని తోచనే లేదు" అన్నాడు బివల్కర్.

భికాజీ ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయి, వేలికి ఎర్ర సుద్ద అంటుకుని ఉందని వెనక్కి తీసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. పక్కా కప్పు. ఈ మాట ఆమెకి ఎలా చెప్పాలి? ముందు కాసేపు ఏడిపించి చెప్పాలి. వదినా, నీ గది ప్లానులోకి ఎక్కింది, ఇక మూట కట్టుకో అని మొదలుపెట్టి, మొహం చూసి, అప్పుడు అసలు మాట చెప్పాలి.

అయితే ఐదవుతోంది. సాయంత్రం పంపు వేళ. పని తరవాతే ఏదైనా. పంపు వేసి, రెండు దెబ్బలు వినగానే పైకి పరిగెత్తొచ్చు. భికాజీ పంపు గదిలోకి వెళ్లి స్విచ్చి వేసి, చావీ చెవికి పెట్టుకున్నాడు. ఒక దెబ్బ రావాల్సిన టైముకి రాలేదు. అలిగింది అనుకుని నవ్వుకున్నాడు. అలగనీ, ఎంతసేపు అలుగుతుంది? ట్యాంకు పొర్లనిచ్చే మనిషా?

ఆరు దాటింది. చావీ చెవికి అలాగే ఉంది. బయట వాకిట్లో ఎవరో ఏదో అంటున్నారు. అతనికి వినపడలేదు. బివల్కర్ వచ్చి భుజం పట్టుకుని కుదిపాడు.

"మామా, పంపు ఆపు. పైనుంచి నీళ్లు పడుతున్నాయి."

పంపు ఆపి వాకిట్లోకి చూస్తే మేడ తూము నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. మృణాల్ బల్ల మీది కాగితాన్ని గుండెలకి హత్తుకుని గోడవారగా నిలబడి ఉంది. నలభై ఏళ్లలో మొదటిసారి ట్యాంకు పొర్లింది.

భికాజీ మెట్లెక్కాడు. ఎలా ఎక్కాడో తెలియదు. మేడ తలుపు దగ్గర, వెనకే వచ్చిన బివల్కర్ తాళం చెవి అందుకుని తీశాడు.

చంద్రభాగాబాయి గదిలో లేదు. పెద్ద పైపు మొదట్లో, ట్యాంకుకీ గోడకీ మధ్య సందులో పక్కకి ఒరిగి పడి ఉంది. ఒక కాలు అడ్డంగా తిరిగిపోయి ఉంది. పొర్లిన నీళ్లు ఆమె చీర మీదుగా పారుతున్నాయి. ఇత్తడి చెంబు కుడిచేతి వేళ్లలో ఇంకా ఉంది.

డాక్టర్ కాన్హేరే వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది.

"పొద్దున పంపు ఆగాక గట్టు దిగుతూ జారి ఉంటుంది. తుంటి విరిగింది, తలకీ తగిలింది. కదల్లేకపోయింది."

"వెంటనేనా?" అని అడిగాడు బివల్కర్.

ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు. మధ్యాహ్నం దాకా ప్రాణం ఉండే ఉంటుంది. కేకలు వేసినా ఈ వీధి రొదలో ఎవరికి వినపడుతుంది? తలుపుకి తాళం కూడానాయె."

భికాజీ తలెత్తేసరికి మెట్ల దగ్గర మృణాల్ నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. ఆమె కూడా విన్నది. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. అతనే అన్నాడు, ఎవరికో సర్ది చెప్తున్నట్టు, నెమ్మదిగా.

"అది గాలి కాదు మేడం."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాయిస్తానని బెదిరించింది నిన్న. అలక అనుకున్నా. పిలుస్తోందనుకోలేదు. నలభై ఏళ్లు విన్నాను, ఆ చెయ్యి ఏమంటోందో నాకు తెలియని రోజు లేదు. ఇవాళొక్క రోజు తెలియలేదు" అని నీళ్లలోనే చతికిలబడ్డాడు. బివల్కర్ లేపబోయాడు. అతను లేవలేదు.

చీకటి పడుతుండగా బిల్డింగు ఆడవాళ్లు పైకి వచ్చి ఆమెకి స్నానం చేయించి కొత్త చీర కట్టారు. ఇరవై ఎనిమిది ఇళ్లవాళ్లూ వాకిట్లో నిలబడ్డారు. ఆమెకి కొడుకుల్లేరు, కుండ ఎవరు పట్టాలన్న మాట వస్తే అందరూ భికాజీ వైపే చూశారు. అతను పట్టాడు. ఎర్ర గీతలు గీసిన మెట్ల గోడ పక్క నుంచే ఆమెని దింపారు. మూడో అంతస్తు మలుపులో పాడె తిప్పడానికి చోటు చాలక ఒక్క క్షణం ఆగారు. పక్కన పెద్ద పైపు ఉంది. భికాజీ దాని వైపు చూడలేదు.

శ్మశానం నుంచి వచ్చాక బివల్కర్ అతని పక్కన కూర్చుని, "గది ప్లానులోంచి తీయించను మామా. నువ్వే ఉండు అందులో" అన్నాడు. భికాజీ తెల్లారి ఐదుంపావుకి పంపు వేశాడు. చావీ మూలనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పంపు నడుస్తుండగా తనే మేడెక్కి వెళ్లి ట్యాంకు పక్కన నిలబడ్డాడు. కింద పంపు దగ్గర ఎవరూ లేరు కాబట్టి నిండినా కొట్టి ప్రయోజనం లేదు.

పైపు మీద భుజమెత్తున అరచేయంత మచ్చ ఉంది. నలభై ఏళ్ల దెబ్బలకి రంగు పోయి ఇనుము తళతళలాడే చోటు అది. దానికి బాగా కింద, నేలకి జానెడెత్తున, పైపు రంగు నిన్ననే కొత్తగా లేచిపోయింది. పెచ్చులు అక్కడే తడి నేల మీద పడి ఉన్నాయి. వాటి పక్కన, అంచు సొట్టపడిన ఇత్తడి చెంబు.